అలలు కట్టే మనుషులు

"నువ్వు సైన్సు చదువుతున్నవు గదా, ఇది చెప్పు. మేం కట్టిన ఆ గోడ వెనక ఏం పెట్టినారు? నీళ్ళు ఎట్ల లేస్తయి?"

పోయిన దసరా సెలవుల్లో మా చిన్నాయన అడిగిన ప్రశ్న ఇది. జూరాల కాలువ గట్టు మీద కూర్చుని వున్నాం. బి.యస్సీ. మూడో సంవత్సరం చదువుతున్నాను, అలల మీద రెండు పేపర్లు రాసి పాసయ్యాను. అయినా జవాబు చెప్పలేకపోయాను. "చదివి చెప్త చిన్నాయనా" అని తప్పించుకున్నాను. సావనీరుకు ఏదైనా రాయమని మన యూనియన్ కార్యదర్శి హాస్టలు గది చుట్టూ తిరిగినప్పుడు ఆ బాకీ గుర్తుకొచ్చింది. ఇంకెవరైనా కవిత రాస్తారు లెమ్మని నేను దీనికి పూనుకున్నాను.

ముందు మా సంగతి కొంచెం చెప్పాలి. మాది గద్వాలకు దగ్గర్లో ఒక పల్లె. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న నడిగడ్డ. రెండు నదుల మధ్య పుట్టినవాళ్ళకు నీటికేం కరువు అని కోస్తా మిత్రులు అంటుంటారు. నది పల్లంలో వుంటుంది, చేను మిట్టన వుంటుంది. మా కష్టమంతా ఆ రెంటి మధ్య ఎత్తులోనే వుంది. జూరాల ప్రాజెక్టుకు 1981లో పునాదిరాయి పడింది. నీళ్ళు పారడానికి పదిహేనేళ్ళు దాటింది. సుమారు లక్ష ఎకరాల ఆయకట్టు. మా నాయన పాలికి వచ్చిన పొలం కాలువ కిందికి వచ్చింది, చిన్నాయన చెలక రాలేదు. గట్టుకు ఈ పక్క వరి, ఆ పక్క కంది. రెండూ మా తాత పంచిన భూమే. అందువల్ల మా నాయన రైతుగా మిగిలాడు, చిన్నాయన పాలమూరు లేబరు అయ్యాడు.

పాలమూరు లేబరు అంటే మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. గుంపు మేస్త్రీ వూళ్ళోకి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు, గుంపును లారీ ఎక్కిస్తాడు. మన్ను తవ్వడం, రాయి కొట్టడం, కాంక్రీటు పోయడం. నాగార్జునసాగర్ నాటినుంచి దేశంలో ఎక్కడెక్కడి ఆనకట్టల్లోనో, కాలువల్లోనో మా జిల్లా చెమట వుంది. ఇప్పుడు ఆనకట్టల పని తగ్గింది. కాలనీలు, ఫ్లైఓవర్లు, వాటర్ పార్కులు వచ్చాయి. చిన్నాయన రెండేళ్ళ క్రితం పడమటి రాష్ట్రంలో ఎనిమిది నెలలు పనిచేసింది అటువంటి ఒక పార్కులోనే. పేరు అనవసరం. అక్కడ వాళ్ళు కట్టింది ఒక వింత చెరువు. ఒక చివర ఆరడుగులకు పైగా లోతు, ఆ లోతు చివర ఎత్తయిన గోడ. గోడ వెనక తలుపుల్లేని గదులు వరసగా, ప్రతి గదికీ అడుగున మాత్రం చెరువులోకి కంత. రెండో చివర నేల పైకి పైకి వచ్చి గట్టుతో కలిసిపోతుంది, అక్కడ నీళ్ళు పాదం కూడా తడపవు. ఆ నేల వాలు సరిగా లేదని ఇంజనీరు రెండుసార్లు పగలగొట్టించాడట. ఎందుకో ఎవరూ చెప్పలేదు. పోసిన కాంక్రీటును పగలగొట్టి మళ్ళీ పోసిన రోజులు లెక్కలో పడలేదు, గుంపు కూలిలోంచి కోసుకున్నారు. తర్వాత రంగులు వేసేవాళ్ళు వచ్చారు, వీళ్ళు లారీ ఎక్కారు. చెరువు నింపింది వీళ్ళు వచ్చేశాకే. నలభై అయిదేళ్ళ మా చిన్నాయన సముద్రం చూడలేదు. తాను కట్టిన అలనూ చూడలేదు.

ఇక విషయానికి వద్దాం. 

ఆ తలుపుల్లేని గదులే ఆ చెరువుకు గుండెకాయ. పెద్ద పంకాలతో ఆ గదుల్లోకి గాలిని కొడతారు. గాలి ఒత్తిడికి గదిలోని నీళ్ళు కిందికి దిగి, అడుగు కంతలోంచి చెరువులోకి తోసుకొస్తాయి. వెంటనే పైన కవాటం తెరిచి గాలిని వదిలేస్తారు, నీళ్ళు మళ్ళీ గదిలోకి లేస్తాయి. కొన్ని సెకండ్ల కొకసారి ఇదే వరస. బోరులోకి కంప్రెసరుతో గాలి కొట్టి నీళ్ళు పైకి రప్పించడం మా వూళ్ళో అందరం చూసినదే. ఇదీ దానికి తోడబుట్టిందే. వుయ్యాల ఊపేవాడు సరైన క్షణంలో చెయ్యి వేస్తే వుయ్యాల ఎలా పెరుగుతుందో, కవాటాలు సరైన లయలో ఆడితే అల అలా పెరుగుతుంది. గదులన్నీ ఒక్కసారి వూదితే తిన్నని అల వస్తుంది. ఒకటి విడిచి ఒకటి వూదితే అలలు ఒకదాన్నొకటి కోసుకుంటూ వస్తాయి.

గది పని అంతవరకే. అలను విరిచేది నేల. లోతు తక్కువైన నీటిలో అల వేగం లోతును బట్టి వుంటుంది. లోతును గురుత్వ త్వరణంతో గుణించి వర్గమూలం తీస్తే వేగం వస్తుందని మనం చదువుకున్నాం. రెండు మీటర్ల లోతులో సెకండుకు 4.4 మీటర్లు, అర మీటరు లోతులో 2.2 మీటర్లు. అంటే గట్టు దగ్గరికి వచ్చేకొద్దీ ముందున్న నీరు మెల్లగా నడుస్తుంది, వెనకున్నది తొందరపడుతుంది. జాతరలో ఇరుకు సందులోకి జనం వచ్చినట్లు నీరు కుప్పపడి పైకి లేస్తుంది. దాని ఎత్తు అక్కడి లోతులో దాదాపు ముప్పాతిక వంతు అయ్యేసరికి నిలవలేక ముందుకు పడిపోతుంది. వాలు మరీ నిటారుగా వుంటే అల గభాలున కూలుతుంది, మరీ చదునుగా వుంటే నురగగా నీరసించిపోతుంది. మా చిన్నాయన గుంపు రెండుసార్లు పగలగొట్టిన కాంక్రీటు రహస్యం ఇదే.

ఇంతవరకు చెప్పింది స్నానాల కొలను సంగతి. నడుము లోతు నీటిలో పిల్లలు కేరింతలు కొట్టే అల అది. సర్ఫింగు అనేది వేరు. అల ముఖం మీద పలక వేసుకుని, నిలబడి, విరుగుతున్న అంచుకు ముందు ముందు జారిపోవడం. దానికి మనిషి ఎత్తు అల కావాలి, అదీ ఒక్కసారి కూలిపోకుండా ఒక చివరనుంచి రెండో చివరకు వరసగా విచ్చుకుంటూ పోవాలి. ఇక్కడే ఖర్చు ఆకాశానికి లేస్తుంది. అల శక్తి దాని ఎత్తుకు వర్గానుపాతంలో వుంటుంది. నేను కాగితం మీద వేసి చూశాను. అర మీటరు అలలో చదరపు మీటరుకు సుమారు 300 జౌళ్ళు వుంటాయి. 50 కిలోల వడ్ల బస్తాను మోకాలి పైదాకా లేపినంత పని. రెండు మీటర్ల అలలో చదరపు మీటరుకు 4900 జౌళ్ళు. అదే బస్తాను మూడంతస్తుల మేడ మీదికి మోసినంత. ఎత్తు నాలుగు రెట్లు, మోత పదహారు రెట్లు. (లెక్కలో తప్పుంటే ఫిజిక్సు లెక్చరర్లు మన్నించాలి, ఇంటర్నల్సులో మాత్రం పట్టించుకోవద్దు.)

ఈ మోతను ఎలా మోయాలన్నదే వందేళ్ళకు పైగా సాగుతున్న కథ. బవేరియా రాజు రెండో లుడ్విగ్ 1870లలో లిండర్‌హోఫ్ కోట తోటలో కృత్రిమ గుహ కట్టించుకుని, అందులోని మడుగులో అలల యంత్రం పెట్టించాడు. రాజుల సరదా రాజులది. వ్యాపారంగా సర్ఫింగు అల అమ్మింది అమెరికాలో. 1969లో అరిజోనా ఎడారిలోని టెంపీలో ఫిల్ డెక్స్‌టర్ అనే ఆయన రూపొందించిన 'బిగ్ సర్ఫ్' తెరిచారు. దానికి పెట్టుబడి జుట్టురంగులు తయారుచేసే క్లెయిరాల్ కంపెనీది. పద్ధతి మా వూరి లస్కరుకు కూడా అర్థమవుతుంది. నీటిని పైనున్న తొట్టిలోకి తోడి, అడుగున షట్టర్లు ఒక్కసారిగా ఎత్తేయడం. మా తూము షట్టరు ఉన్నట్టుండి ఎత్తినప్పుడు కాలువ వెంబడి ఒక నీటి మిట్ట పరుగెత్తుతుంది చూడండి, అదే అల. ఆ పార్కు ఏభై ఏళ్ళు నడిచి, 2019 తర్వాత మళ్ళీ తెరవలేదు.

అదే 1969లో మన విశాఖపట్నంలో నౌకాదళం కోసం ఒక పరిశోధనశాల ప్రారంభమైంది. నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబరేటరీ. అక్కడా అలలు కడతారు. 135 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పు గల కొలనులో అలలు పుట్టించి, ఓడల నమూనాలు వాటిమీద ఎలా నిలుస్తాయో, ఎలా మలుపు తిరుగుతాయో చూస్తారు. మద్రాసు ఐ.ఐ.టి.లోనూ, పూణె దగ్గర ఖడక్‌వాస్లాలోని కేంద్ర జలవిద్యుత్ పరిశోధనశాలలోనూ అటువంటి కొలనులున్నాయి. రేవు గోడ ఏ కోణంలో కట్టాలి, ఎంత బరువు రాళ్ళు వేయాలి అన్నది అక్కడి చిన్న అలలే చెబుతాయి. టికెట్టు లేని అలలివి. మన సైన్సు విద్యార్థులకు ఉద్యోగం దొరికే అలలు కూడా.

సరే, మళ్ళీ వ్యాపారం దగ్గరికి. 1985లో పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్ పార్కులో, స్నానాల కొలనులోనే, వృత్తి సర్ఫర్లకు పోటీ పెట్టారు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన టామ్ కారల్ గెలిచాడు కాని, ఆ బలహీనమైన అలలు చూసి సర్ఫింగు లోకం నవ్వుకుంది. 1993లో జపాను వాళ్ళు మియాజాకిలో 'ఓషన్ డోమ్' కట్టారు. 300 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు, తెరుచుకునే పైకప్పు, కృత్రిమ ఇసుక తీరం. నిజమైన సముద్రం నడిచిపోయేటంత దూరంలోనే వుంది. దాని యజమానులు 2001లో దివాలా తీశారు, 2007లో అల ఆగిపోయింది. ఈ వ్యాపారంలో యంత్రం చెడిపోయి మునిగినవాళ్ళున్నారు, యంత్రం బాగా ఆడుతుండగానే వడ్డీకి మునిగినవాళ్ళూ వున్నారు. మా వూళ్ళో బోరు వేసినవాళ్ళ లాగే.

అసలు మలుపు ఒక పాత విషయాన్ని మళ్ళీ చదవడంతో వచ్చింది. 1834లో స్కాట్లండులో జాన్ స్కాట్ రస్సెల్ అనే యువ ఇంజనీరు కాలువ గట్టున గుర్రం మీద పోతున్నాడు. గుర్రాలు లాగుతున్న పడవ ఒక్కసారి ఆగింది. దాని ముందున్న నీరు మాత్రం ఆగలేదు. అడుగున్నర లోపు ఎత్తున నున్నటి మిట్టగా గంటకు ఎనిమిది తొమ్మిది మైళ్ళ వేగంతో పరుగెత్తింది. రస్సెల్ గుర్రాన్ని దాని వెంట దౌడు తీయించాడు. మైలు, మైలున్నర పోయినా ఆ మిట్ట ఆకారం చెదరలేదు. దాన్నే మనం ఏకాకి అల అంటున్నాం. కాలువ గట్టున కూర్చున్నవాడికి చూసే కన్నుంటే చాలునని ఈ కథ చదివినప్పుడల్లా నాకు కొంచెం సిగ్గేస్తుంది. నేను అదే గట్టున ఇరవయ్యేళ్ళు బర్రెలు కడిగాను.

పడవ ఆగితే అల పుట్టిందంటే, సరైన ఆకారపు వస్తువును సరైన వేగంతో లాగితే కావలసిన అల పుట్టాలి గదా. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో జోసెమా ఒద్రియోసోలా అనే ఇంజనీరు, కారిన్ ఫ్రిష్ అనే ఆర్థికశాస్త్రవేత్త 2005లో 'వేవ్‌గార్డెన్' కంపెనీ పెట్టింది ఈ ఆలోచనతోనే. నీటి అడుగున రెక్కలాంటి దాన్ని తీగతో లాగుతారు. ఈ పద్ధతి మీద వేల్సులో దోల్గారోగ్ అనే చోట, మూతపడిన అల్యూమినియం ఫ్యాక్టరీ స్థలంలో, 2015లో సర్ఫింగు కొలను తెరిచారు. కొండమీది జలవిద్యుత్ కేంద్రం నుంచి దిగే నీళ్ళే దానికి ఆధారం. కాని లాగే యంత్రం మాటిమాటికీ మొరాయించింది. 2023లో ఆ కొలనును శాశ్వతంగా మూసేశారు.

అదే 2015 డిసెంబరులో కాలిఫోర్నియా నుంచి ఒక వీడియో వచ్చింది. పదకొండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన కెల్లీ స్లేటర్, సముద్రానికి నూరు మైళ్ళ దూరాన, లెమూర్ అనే వూళ్ళో నిలువెత్తు అల మీద జారుతున్నాడు. లెమూర్ ఎటువంటి వూరనుకున్నారు? చుట్టూ పత్తి, టమాటా, బాదం తోటలు, పాడి పశువులు. అచ్చంగా మా గద్వాల లాంటి రైతుల వూరు. అక్కడ నీటిమీద స్కీయింగు కోసం తవ్విన ఒక పాత చెరువును తీసుకుని ఈ పని చేశారు. స్లేటర్ పేరు ముందుకు వచ్చింది కాని, అల వెనక మనిషి ఆడం ఫించమ్. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ద్రవగతి పరిశోధకుడు. దాదాపు పదేళ్ళు ఆయన పని ఇదే. ముందు చిన్న తొట్టిలో నమూనా, తర్వాత కంప్యూటరు మీద లెక్కలు, తర్వాత చెరువు. నీటిలో ఒక పెద్ద లోహపు రెక్క, దాన్ని మోసే బండి, ఆ బండికి నూటయాభైకి పైగా లారీ టైర్లు. తీగలతో గంటకు 30 కిలోమీటర్ల దాకా వేగంతో లాగుతారు. అల నేరుగా ఎదురు గట్టుకు పోదు, వాలుగా పోతుంది. రెక్క వెంబడే విరుగుతూ వస్తుంది కాబట్టి సర్ఫరుకు ముప్పావు నిమిషంపైనే దారి దొరుకుతుంది. సముద్రంలో పది సెకండ్లు దొరికితే పండగ.

2016లో వరల్డ్ సర్ఫ్ లీగ్ వాళ్ళు ఆ కంపెనీలో ఎక్కువ వాటా కొన్నారు. 2018 సెప్టెంబరులో ప్రపంచ టూరు పోటీ అక్కడ పెట్టారు. బ్రెజిల్ కుర్రాడు గాబ్రియేల్ మెదీనా, హవాయి అమ్మాయి కరిస్సా మూర్ గెలిచారు. చిత్రమేమంటే కొందరు సర్ఫర్లకు అది విసుగు పుట్టించింది. ప్రతి అలా ఒక్కలాగే వుంది, సముద్రంలో వుండే ఎదురుచూపు లేదు అన్నారు. ప్రతి ఏడూ ఒకే రోజున ఒకే వాన పడుతుందంటే విసుక్కునే రైతును మాత్రం నేను చూడలేదు.

అయితే దాని అసలు చిక్కు విసుగు కాదు, లెక్క. ఒక అల పోయాక నీరు తేరుకోవడానికి మూడు నాలుగు నిమిషాలు ఆగాలి. గంటకు పదిహేను అలలు. ఇంత పెట్టుబడికి గంటకు పదిహేనుమంది. అందుకే అది కోటీశ్వరులు రోజంతా అద్దెకు తీసుకునే కొలను అయింది, ఆ అద్దె పదుల వేల డాలర్లు. వేవ్‌గార్డెన్ వాళ్ళు ఇది గ్రహించి లాగడం మానేశారు. కొలను మధ్యన గోడ కట్టి, దాని వెంట తెడ్లలాంటి పలకలు వరసగా అమర్చి, ఒకదాని తర్వాత ఒకటి కదిలేలా చేశారు. జొన్నచేలో గాలి పోయినట్లు ఆ కదలిక ఒక చివరనుంచి మరో చివరకు పోతుంది, దాంతోపాటే అల పోతుంది. గంటకు వెయ్యి అలలదాకా వస్తాయని ఆ కంపెనీ చెబుతుంది. ఇంగ్లండులో బ్రిస్టల్ దగ్గర 2019లో, మెల్‌బోర్న్ విమానాశ్రయం పక్కన 2020లో, అదే ఏడు దక్షిణ కొరియాలో సిహుంగ్‌లో, ఈ తెడ్ల కొలనులు తెరుచుకున్నాయి. అమెరికాలో బ్రూస్ మెక్‌ఫార్లాండ్ అనే ఇంజనీరు కంపెనీ మరోదారి పట్టింది. అది గాలి గదుల దారే. గదులను విడివిడిగా కంప్యూటరుతో ఆడిస్తే కోరిన ఆకారపు అల వస్తుందని 2018లో టెక్సాస్‌లోని వేకోలో చూపించారు. అంటే మా చిన్నాయన కట్టిన గోడకు అది పెద్దన్న.

మొదట నేను దీన్ని టికెట్ల వ్యాపారం అనుకున్నాను. చదివేకొద్దీ తెలిసిందేమంటే, యంత్రం అమ్మేవాడు ఒకడు, కొలను కట్టించేవాడు ఒకడు, అప్పు ఇచ్చేవాడు ఇంకొకడు. యంత్రం కంపెనీ నక్షా, పరికరాలు ఇచ్చి తన డబ్బు తను తీసుకుంటుంది. అల నడవకపోతే నష్టం కట్టించినవాడిది. అందుకని కట్టించినవాడు అలను ఒంటరిగా అమ్మడు. చుట్టూ హోటలు, విల్లాలు, ఇళ్ళ స్థలాలు పెడతాడు. బ్రెజిల్‌లో సావోపాలో రాష్ట్రంలోని ప్రాయియా ద గ్రామా 2021లో అలాగే సంపన్నుల కాలనీ నడుమ తెరిచిందే. హైదరాబాదు చుట్టుపక్కల ప్లాట్ల బోర్డులు చదువుతూ బస్సులో వచ్చేవాళ్ళకు ఈ కిటుకు వివరించాల్సిన పనిలేదు.

మన దగ్గర సర్ఫింగు అల సంగతి ఎలా వున్నా, స్నానాల అలకు హైదరాబాదులో కొదవలేదు. హుసేన్‌సాగర్ ఒడ్డున జలవిహార్‌లో వుంది, రావిర్యాల దగ్గర 2016లో తెరిచిన వండర్‌లాలో వుంది. సముద్రం లేని నగరానికి అల అమ్ముడవుతుందని వాళ్ళకు బాగా తెలుసు. వండర్‌లా స్థాపకుడు కొచౌసెఫ్ చిట్టిలపిల్లి మన సైన్సు వాళ్ళు తెలుసుకోవలసిన మనిషి. ఫిజిక్సులో ఎం.ఎస్సీ. 1977లో తండ్రి దగ్గర లక్ష రూపాయలు తీసుకుని ఇద్దరు పనివాళ్ళతో వోల్టేజి స్టెబిలైజర్లు చేయడం మొదలుపెట్టాడు. అదే వి-గార్డ్. ఆ సంపాదనతో 2000లో కొచ్చిలో మొదటి పార్కు, 2005లో బెంగుళూరులో రెండోది, తర్వాత హైదరాబాదుది. మా పల్లెలో టీవీ కింద పెట్టిన పెట్టె, నగరంలో అల, రెండూ ఒకే మనిషి బుర్రలోంచి వచ్చాయని తెలిసి మా నాయన నమ్మలేదు.

ఇంటరులో వుండగా ఎక్స్‌కర్షనుకు నేనూ ఒక అలల కొలనులో దిగాను. సైరన్ మోగుతుంది, పది పదిహేను నిమిషాలు అలలు, మళ్ళీ ఆపేస్తారు. సరదా పెంచడానికి అలా ఆపుతారనుకున్నాను అప్పుడు. కరెంటు బిల్లు కూడా వుందని ఇప్పుడు తెలుస్తున్నది.

నీళ్ళ సంగతి చెప్పకపోతే నేను నడిగడ్డవాణ్ణి కాను. నిజం చెప్పాలంటే ఈ వ్యాసం కోపంతోనే మొదలుపెట్టాను. తాగడానికి నీళ్ళు లేని దేశంలో ఆటకు చెరువులా అని రాద్దామనుకున్నాను. లెక్క వేశాక కోపం కొంచెం దారి మార్చుకుంది. లెమూర్ కొలనులో పట్టేది సుమారు కోటిన్నర గాలన్లు, అంటే 5 కోట్ల 70 లక్షల లీటర్లు. వినడానికి భయంకరంగా వుంది. వరికి ఒక పంటకు 1200 మిల్లీమీటర్ల నీరు పెడతామనుకుంటే ఎకరాకు 48 లక్షల లీటర్లు అవుతుంది. అంటే ఆ కొలను మొత్తం పన్నెండెకరాల వరి. మా వూళ్ళో ఒక మోస్తరు రైతు మడి. ఒక్క టీఎంసీ నీటితో అటువంటి కొలనులు దాదాపు అయిదు వందలు నింపొచ్చు. జూరాల కట్టినప్పుడు దాని నిల్వ 11.94 టీఎంసీలు. కాబట్టి మా చిన్నాయన చెలకకు నీళ్ళు రాకపోవడానికి అలల కొలను కారణం కాదు.

అట్లాగని వదిలేయడానికీ లేదు. నింపితే అయిపోదు, ఎండ తాగుతుంది. ఏడెకరాల కొలను మా వైపు ఏప్రిల్లో వుందనుకుందాం. రోజుకు ఎనిమిది మిల్లీమీటర్లు ఆవిరైనా 2 లక్షల 27 వేల లీటర్లు. గంటకు పదివేల లీటర్లు పోసే మా బోరు రాత్రింబగళ్ళు దాదాపు 23 గంటలు నడిస్తే ఒక రోజు ఆవిరికి సరిపోతుంది. నది నీరు, కాలువ నీరు అయితే ఒక మాట. భూమిలోంచి తోడితే పక్కవాడి బోరు ఎండుతుంది. కాలిఫోర్నియా ఎడారిలో లా క్వింటా అనే వూళ్ళో కోటీ 80 లక్షల గాలన్ల సర్ఫింగు కొలను, చుట్టూ ఇళ్ళు కడతామని వస్తే, కరువు రోజుల్లో ఇదేమిటని జనం ఎదురు తిరిగారు. 2022 సెప్టెంబరులో ఆ వూరి పాలకమండలి కుదరదన్నది. అక్కడ జనం అడిగింది ఒక్కటే, నీళ్ళు ఎక్కడివి అని.

వాడిన నీటినే మళ్ళీ మళ్ళీ వాడాలి కాబట్టి శుద్ధి కూడా పెద్ద పనే. 2018లో వేకోలో ఒక పార్కుకు వెళ్ళివచ్చిన యువకుడు మెదడుకు పాకే అమీబా సోకి చనిపోయాడు. గోరువెచ్చటి మంచినీటిలో పెరిగే జీవి అది. తర్వాత అక్కడ వడపోత పద్ధతినే మార్చి కట్టారు. క్లోరిను చాలకపోతే ఏమవుతుందో జువాలజీ మిత్రులు నాకంటే బాగా చెబుతారు.

ఇదంతా రాసిన కాగితాలు పట్టుకుని సంక్రాంతికి వూరెళ్ళాను. చిన్నాయన కంది కొట్టిన కళ్ళంలో వున్నాడు. నేల మీద పుల్లతో గీసి గాలి గది, కవాటం, అడుగు కంత చూపించాను. గమ్మున విన్నాడు. గంపలో నీళ్ళు ఆగవు గనక పళ్ళెంలో పోసి, ఒక పక్క చెయ్యి ఆడించి, వాలు దగ్గర అల ఎట్ల లేస్తుందో, ఎట్ల విరుగుతుందో చూపించాను. పళ్ళేన్ని తానే కొంచెం వంచి, మళ్ళీ ఇంకొంచెం వంచి, చాలాసేపు చూశాడు.

"అంటే ఆ నేల వాలు కొంచెం తప్పితే అల చెడిపోతది."

"అవు చిన్నాయనా."

"అందుకే పగలగొట్టిచ్చిండు."

"అవు."

పళ్ళెంలో నీళ్ళు కంది కట్టె మీద పారబోశాడు.

"ఈ ముక్క ఆ పొద్దు చెప్పుంటే మేము ట్యూబు లెవెలు పెట్టి మొదటిసారే సరిగ పోస్తుంటిమి గదరా. పదకొండు దినాల కూలి పోయింది."

గుంపు మేస్త్రీ మళ్ళీ వచ్చిపోయాడట. ఫిబ్రవరిలో లారీ.